ఉన్నాయని చెప్పిన జలపాతాలు

నలభై రోజుల తర్వాత మా ఆవిడ తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాట ఒక క్యాలెండరు గురించి.

హోసూరులో లేడీ డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాం. ఎదుటి గోడకు ఏదో మందుల కంపెనీ క్యాలెండరు. అందులో ఒక పచ్చటి కొండ, దాని మీది నుంచి తెల్లగా దూకుతున్న నీళ్లు. ఏ దేశపు కొండో తెలియదు. మా వైపుది మాత్రం కాదు. మా వైపు కొండలు బోడిగుండ్లు. వాటి మీది నుంచి దూకేవి మేకలే. ఆమె దాన్ని చాలాసేపు చూసి, "ఇట్లాంటిది మన పక్క ఉండాదా?" అని అడిగింది.

"చానా ఉండాయి," అన్నాను.

నాకు తెలిసి హొగేనకల్ ఒక్కటే ఉంది. అది అందరికీ తెలిసిందే. అది వద్దని ఆమె అక్కడే చెప్పేసింది. ఆడికి పిలకాయలు ఎక్కువ వస్తారు, అంది. నేను మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు. మిగిలిన "చానా" ఎక్కడున్నాయో మర్నాటి నుంచి వెతకాల్సి వచ్చింది. లోపల డాక్టరమ్మ కూడా ఎక్కడికైనా బయటికి తిప్పమనే చెప్పింది కాబట్టి, నా అబద్ధానికి వైద్యుల ఆమోదం కూడా దొరికినట్టయింది.

నలభై రోజుల కిందట జరిగింది చెప్పాలి. తొంభైలు ముగియవస్తున్న కాలం. ఎనిమిదో నెలలో ఆమెకు ఉన్నట్టుండి నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టేసరికే ప్రాణం లేదు. ఆమెకు మత్తు దిగడానికి మధ్యాహ్నమైంది. అంతలోపల నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చూపిస్తే నేను చూశాను, మా అమ్మ చూసింది, మా అన్న చూశాడు. మా అమ్మ వరండా స్తంభానికి ఆనుకుని, మొహం కొంగుతో తుడుచుకుని, "అబ్బి పోయె," అంది. అంతే అంది. మా ఇళ్లలో మగబిడ్డను అబ్బి అంటాం. ఉయ్యాలలో ఉన్నవాడూ అబ్బే, మీసాలు నెరిసినవాడూ అబ్బే. మా అమ్మ నన్ను అట్లాగే పిలుస్తుంది. అందుకని ఆ మాట విన్నప్పుడు పోయింది నేనేనా అని ఒక్క క్షణం అనిపించింది.

వరండాలోనే పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారు. ఏ బిడ్డో ఆమెకు చెప్పకూడదు. తెలిస్తే మనసు దాన్నే పట్టుకుని వేలాడుతుంది, తెలియకపోతే తొందరగా తేరుకుంటుంది. ఎవరు మొదట అన్నారో గుర్తు లేదు. ఎవరన్నా నేను ఊ అన్నాను. ఆమె కళ్లు తెరిచి, నీళ్లు తాగి, ఏం బిడ్డ అని అడిగింది. "వాళ్లు మాకు చూపించలేదు," అన్నాను.

నేను హోసూరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని చేసేవాణ్ణి. బీరువా నిండా బేరింగులు పెట్టుకుని, స్టాకు లేదని రోజుకు ఇరవైసార్లు మొహం మారకుండా చెప్పడం నా ఉద్యోగంలో భాగం. కృష్ణగిరి కాలేజీలో మూడేళ్లు చదివిన బీయస్సీ అక్కరకొచ్చింది అక్కడొక్కచోటే. ఆ రోజు ఆసుపత్రిలోనూ నా మొహం మారలేదు.

ఆమె రెండోసారి అడగలేదు. అడగకుండానే తేల్చుకుంది. ఆడబిడ్డ. ఎట్లా తేల్చుకుందో తెలియదు. మూడు నెలలయ్యాక ఒకరోజు బియ్యం ఏరుతూ, పాప ఉంటే ఇప్పటికి బోర్లా పడేది, అంది. నేను పేపరు చదువుతున్నాను. "పడేది," అన్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పేపరులో ఆ పుట పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. ఆ పుట పూర్తి కావడానికి రెండేళ్లు పట్టింది.

అలా ఆదివారాల్లో స్కూటరు మీద జలపాతాల వేట మొదలైంది. మా ఆవిడ నలుగురిలో నన్ను "మీరు" అనేది, స్కూటరెక్కి ఊరు దాటగానే "నువ్వు" అనేది. ఆ "నువ్వు" కోసమైనా ఎంత దూరమైనా పోవచ్చు. దారి అడగడం నా పని. స్కూటరు ఆపి నేను దిగి ఎవరినో అడిగి వచ్చి చెప్పేవాణ్ణి. ఆమె వెనక సీటులో కూర్చుని నా మాట నమ్మేది.

మొదట కల్లావి. మా ఫ్యాక్టరీలో ఆ ఊరి మనిషి ఒకడు, తమ ఊరి పక్క కొండలో వానాకాలం నీళ్లు దూకుతాయని చెప్పాడు. తొంభై కిలోమీటర్లకు తక్కువ లేకుండా నడుము విరిగేలా పోయాం. కొండ ఉంది. నీళ్లు ఏవని అడిగితే, అక్కడ మేకలు మేపుకుంటున్న ఆమె ఎంతో మర్యాదగా, మొన్న మంగళవారం పారిందమ్మా, మీరు మంగళవారం వచ్చి ఉండాల్సింది, అంది. మా ఆవిడ ఆ ఎండిన రాతిని కాసేపు చూసింది. వచ్చే దారిలో పొలాల మధ్య ఒక మోటారు పైపు పగిలి నీళ్లు చిమ్ముతున్నాయి. స్కూటరు ఆపి, "ఇదో, నీ జలపాతం," అన్నాను. నవ్వలేదు. కానీ దిగి, చెప్పులు విప్పి, ఆ నీళ్లలో కాళ్లు కడుక్కుంది. నాకు అదే చాలనిపించింది.

కృష్ణగిరి అవతలి పోచంపల్లికి సంత రోజున పోయాం. సంతలో పది ఊర్ల జనం ఉంటారు, పది జలపాతాలైనా తెలుస్తాయని నా లెక్క. మిరపకాయల ఆయన్ను అడిగితే కుండల ఆయన్ను అడగమన్నాడు. కుండల ఆయన, నీళ్లు దూకేది చూడాలా, పదండి నేనే చూపిస్తా అని అంగడి కొడుక్కి అప్పజెప్పి మరీ వచ్చాడు. తీసుకుపోయి చెరువుకట్ట చివర నిలబెట్టాడు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు రాతికట్టు మీదుగా పోతుంటాయి కదా, అది. మనిషి నడుమంత ఎత్తు. దాన్ని మా వైపు మరవ అంటారు. మరవలేకనే ఊర్లు తిరుగుతున్నవాళ్లకు మరవ చూపించాడు మహానుభావుడు. ఈ మాట నేను ఆమెతో అనలేదు. నా నోట్లో ఆగిన అతి కొద్ది హాస్యాల్లో అదొకటి.

ఆ రోజు మరవ పక్కన కూర్చుని ఆమె, పాప ఉంటే నీళ్లు చూసి భయపడేదా, దిగుతానని మారాం చేసేదా అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు నా వైపు చూసింది.

"భయపడేది. నా పోలిక," అన్నాను.

"అది నా పోలిక. దిగేది," అంది. చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు కోసం నేను రెండేళ్లు అట్లాంటి జవాబులే చెప్పాను. పాపకు భయం, పాపకు వంకాయ పడదు, పాపకు మా అన్న గొంతు వింటే ఏడుపు. ఇద్దరం కలిసి ఒక ఆడపిల్లను పెంచాం. అందులో ఒకరికి అది అబద్ధమని తెలుసు. ఆమె మొహం తేటపడుతున్న కొద్దీ నాకు రాత్రిళ్లే కాదు, పగటి పూట స్టోర్సులో కూర్చున్నా భయం వేసేది. ఎవరో ఒకరు నోరు జారతారని. మా అమ్మ పక్కన ఆమె కూరగాయలు తరుగుతూ కూర్చుంటే నేను ఏదో వంకతో అటూ ఇటూ తిరుగుతుండేవాణ్ణి. మా అన్న ఇంటికొస్తే అతన్ని వదిలేవాణ్ణి కాదు. నోరు జారేది నేనేనని మాత్రం అనుకోలేదు.

రెండో ఏడు వానలు సరిగా పడలేదు. తళి దాటి జవళగిరి దగ్గర అడవి అంచున ఒకటి ఉందని, అది ఎండాకాలం కూడా ఆగదని ఎవరో చెప్పారు. మా ఆవిడ పుట్టింటి నుంచి ఆ అడవి అంత దూరమేమీ కాదు. అయినా ఆమె ఎప్పుడూ వినలేదట. పోయి చూద్దాం, అంది. రాగి చేల మధ్య మట్టి దారి. చేలల్లో మంచెలు, ఏనుగులొస్తే కేకలు వెయ్యడానికి. మంచె మీది మనిషి, సాయంత్రం నాలుగు దాటితే ఆ పక్క ఉండొద్దని చెప్పి దారి చూపించాడు.

దారి చివర చెట్ల కింద ఒక ముసలాయన ఆవులు మేపుతున్నాడు. తలకు కంబళి, చేతిలో కర్ర. ఆమె స్కూటరు దగ్గర నిలబడింది, నాలుగడుగుల దూరంలో. నేను పోయి కన్నడంలో, ఇక్కడ నీళ్లు పడే చోటు ఉందట కదా, ఎక్కడ అని అడిగాను. మా వైపు వాళ్లకు కన్నడం తమిళం రెండూ వస్తాయి. జలపాతానికి కన్నడంలో ప్రత్యేకంగా ఏం మాట ఉందో మాత్రం నాకు తెలియదు. మా దగ్గర లేని వస్తువుకు మాట నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఈ ముసలాయన మలెనాడు కొండల నుంచి ఎప్పుడో ఇల్లరికం వచ్చినవాడు. అక్కడి వాళ్లకు జలపాతాలు కొదవలేదు, మాటలూ కొదవలేదు. ఇదంతా నాకు తెలిసింది ఐదు నిమిషాల తర్వాత.

ఆయన నన్ను చూశాడు. నా వెనక ఆమెను చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"అబ్బి హోయ్తు, స్వామీ."

పోయింది అన్నాడు. నాకు అబ్బి ఒక్కటే వినిపించింది. అది మా అమ్మ గొంతుతో వినిపించింది. ఆ ఆసుపత్రి వరండా, ఆ స్తంభం, అన్నీ చెట్ల కిందికి వచ్చి నిలబడ్డాయి. ఈ మనిషికెట్లా తెలుసు అన్నదొక్కటే నా తలలో ఉంది. కన్నడం మరచిపోయి తెలుగులో అడిగాను.

"అబ్బి అని నీకెవరు చెప్పినారు?"

ముసలాయన నన్ను వింతగా చూశాడు. ఆయనకు తెలుగు అర్థమవుతుంది; జవాబు కన్నడంలోనే ఇచ్చాడు. ఎవరో చెప్పేదేంటి, నా కళ్లతో నేనే చూశాను, పోయి రెండేళ్లయింది, అన్నాడు.

రెండేళ్లు. ఇంకేం కావాలి నాకు.

"నువ్వెట్ల చూస్తావప్పా? చూసింది నేను, మా అమ్మ, మా అన్న. మేము ముగ్గురమే."

ఆయన జాలిపడినట్టు, కర్ర ఎత్తి చెట్ల సందులోంచి ఒక ఎత్తైన బండను చూపించాడు. బండ మీది నుంచి కింది దాకా నల్లటి చార, నీళ్లు పారి పారి పడిన మచ్చ. అదే అబ్బి, అన్నాడు. పైన ఎవరో కట్ట వేసి నీళ్లు చేలకు మళ్లించుకున్నారట. అప్పటి నుంచి రాదట. అప్పుడు అర్థమైంది నాకు, అబ్బి అంటే వాళ్ల భాషలో నీళ్లు దూకే చోటని. ఇరవై ఏళ్లు నలుగురినీ మాటలతో నవ్విస్తూ తిరిగినవాణ్ణి, ఒక మాటకు రెండర్థాలుంటాయని అప్పుడు గుర్తుకు రాలేదు.

వెనక్కి తిరిగాను. ఆమె స్కూటరు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఆమె పుట్టినూరులో సగం కన్నడమే. ముసలాయన చెప్పింది ఆమెకు నాకంటే ముందే అర్థమై ఉంటుంది. నేను చెప్పింది కూడా.

"చూసినావా నువ్వు?" అని అడిగింది.

నేను అనుకున్న ప్రశ్న అది కాదు.

"చూసినాను."

"అబ్బియా?"

"ఊ."

ముసలాయనకు ఏం జరుగుతోందో తెలియదు. పట్నం నుంచి ఇంత దూరం వచ్చి నీళ్లు లేక బాధపడుతున్నామనుకున్నాడు పాపం. ఆమె దగ్గరికి రెండడుగులు వేసి, ఊరడింపుగా, "మళె బందరె అబ్బి బర్తదె, తాయీ," అన్నాడు. వానొస్తే అబ్బి వస్తుంది తల్లీ, అని. ఆమె ఆయనకు రెండు చేతులూ జోడించింది. తర్వాత స్కూటరెక్కి కూర్చుంది. నేను స్టార్టు చెయ్యడానికి ఆరుసార్లు తన్నాల్సి వచ్చింది. మామూలుగా అయితే ఆ స్కూటరు గురించి ఏదో ఒకటి అనేవాణ్ణి.

రోజూ నా భుజం మీద ఉండే చెయ్యి ఆ రోజు వెనక స్టెప్నీ పట్టుకుంది. తళి చెరువు పక్కన గాలి చల్లగా తగిలాక, నా వీపుతో అన్నట్టు అంది.

"అట్లయితే పాప యాడికి పోయె?"

రెండేళ్లుగా ఆ పిల్లకు భయాలూ ఇష్టాలూ నేనే ఇచ్చాను. వంకాయ పడదని చెప్పిందీ నేనే. ఆమెకు ఒక బిడ్డే పోయిందని లోకం లెక్క. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఆమెకు రెండో బిడ్డ కూడా పోయింది. దానికి వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చేవాళ్లు కూడా లేరు.

ఇంటికొచ్చి వారం రోజులు అందరికీ వండిపెట్టింది, అందరితో మాట్లాడింది. నన్ను ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా "మీరు" అంది. మా అమ్మతో ఏదో తేల్చుకుందని నాకు తెలుసు. మా అమ్మ రెండు రోజులు నా మొహం చూడలేదు. ఎనిమిదో రోజు చెప్పులు వేసుకుని వచ్చి నిలబడి, "యాడ పెట్టినారు?" అని అడిగింది.

మా భాగానికి వచ్చిన చేను గట్టున, కానుగ చెట్టు కింద, నేనూ మా అన్నా పెట్టి వచ్చాం. ఆమెను అక్కడికి తీసుకుపోయాను. అప్పటికి హోసూరు చుట్టూ చేలన్నీ లేఔట్లవుతున్న రోజులు. మా చేను కూడా ముందటేడే పోయింది. నేను సంతకం పెట్టేటప్పుడు కానుగ చెట్టు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమెకు తెలుస్తుంది కదా. ఇప్పుడక్కడ చెట్టు లేదు, గట్టు లేదు. ఎర్రమట్టి చదును చేసి, తెల్ల సున్నం కొట్టిన రాళ్లు వరసగా పాతారు, నంబర్లతో. నేను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. రోడ్డు ఎటు నుంచి వస్తోందో చూసుకుని, పాత బావి ఎక్కడుండేదో ఊహించుకుని, ఒక చోట నిలబడ్డాను. తర్వాత ఇంకొంచెం జరిగాను.

"ఈడనా?"

"ఈడే ఎక్కడో. సరిగ్గా తెలీదు."

అది నిజం. ఆమె నేల వైపు చూడకుండా నన్నే చూసింది. ఎట్లుండె, అని అడిగింది. నేను చెప్పాను. తల నిండా జుట్టుండె. ఎడమ చెవి పైన కొంచెం మడిచినట్టుండె. పిడికిళ్లు మూసుకోని ఉండె. మా అన్న తెల్లగా ఉండాడన్నాడు, నాకు నీలంగా అనిపించె. ఈ నాలుగు ముక్కలూ రెండేళ్లుగా నా దగ్గర ఉన్నాయి. పైకి అనడానికి నిమిషం కూడా పట్టలేదు.

"ఇంగ?"

"ఇంగేం లేదు. అంతే చూసినాను."

"ఇంగా ఏమో ఉండాది. చెప్పు."

ఏదో ఒకటి చెబితే ఆమె తృప్తి పడుతుందని తెలుసు. నీ ముక్కు అనొచ్చు, నీ పెదవులు అనొచ్చు. రెండేళ్ల అలవాటు, నోటి దాకా వచ్చింది. లేదు, అంతే, అన్నాను. నర్సు గుడ్డ తీసింది నడుము దాకా, మళ్లీ కప్పేసింది, అంతే. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు. ఇంకేదో దాచానని ఏడాదికొకసారి అడుగుతుంది, నేను అదే జవాబు చెబుతాను.

జలపాతాల సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక ఆదివారం పొద్దున ఆమే, అంచెట్టి పక్క కొండల్లో ఒకటి ఉందంట, పోదాం, అంది. పాప గురించి గానీ అబ్బి గురించి గానీ దారి పొడుగునా మాట లేదు. తడిసిన రోడ్డు, రెండు పక్కలా వంకలు పారుతున్నాయి. అంచెట్టి దాటాక టీ అంగడి దగ్గర ఆపి, నేను దిగి అంగడాయన్ను అడిగాను. రెండు మైళ్లుంది, నీళ్లు బ్రహ్మాండంగా పడుతున్నాయి, నిన్ననే చూసి వచ్చాను అన్నాడు. వచ్చి ఆమెకు అదే చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు.

ఆమె సరేనని తల ఊపింది. తర్వాత స్కూటరు దిగి, చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, బురద దాటుకుంటూ అదే అంగడాయన దగ్గరికి పోయి, అదే మాట మళ్లీ అడిగింది. నేను స్కూటరు పట్టుకుని నిలబడ్డాను.